క్యారీ రైల్లో ఇంగ్లండు ఓట్లు

2010 ఏప్రిల్‌లో ఒక శుక్రవారం నా ప్రాజెక్టు ముగిసింది. తర్వాతది మొదలవడానికి వారం టైముంది. నార్త్ కరోలైనాలో క్యారీకి మారిన నా స్నేహితురాలు పద్మ, కొత్త ఇల్లు చూడ్డానికి రమ్మని ఏడాదిగా పోరుతోంది. వర్జీనియాలో నేనుండే షాంటిలీ నుంచి కార్లో అయితే నాలుగున్నర గంటలు. కానీ శనివారం రిచ్‌మండ్ దారిలో ట్రాఫిక్ తలుచుకుని రైలుకే బుక్ చేశాను. వెళ్ళాలనుకునేవాళ్ళకి చెబుతున్నాను: మాకు దగ్గర్లోని వియన్నా మెట్రో స్టేషన్లో కారు పెట్టేసి, మెట్రోలో ఒకసారి మారితే గంటలోపే వాషింగ్టన్ యూనియన్ స్టేషన్. టికెట్టు యాభై డాలర్ల చిల్లర. సీటు నంబర్లుండవు, ఖాళీ కనిపించిన చోట కూర్చోవడమే.

పదకొండింటికి బయల్దేరాల్సిన రైలు న్యూయార్క్ నుంచే నిండి వచ్చింది. "ఎక్కేశానే, సీటు దొరికితే మళ్ళీ చేస్తా" అని పద్మతో ఫోన్లో చెబుతుంటే ఒకావిడ తన పక్క సీట్లోంచి బ్యాగు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

"కూర్చోమ్మా. దొరికిందని చెప్పు మీ స్నేహితురాలికి" అన్నారు, శుభ్రమైన తెలుగులో.

ఆవిడ శకుంతల గారు. నడవాకి అవతల సీట్లో ఉన్నది ఆవిడ భర్త డాక్టర్ చలపతి గారు. ఇద్దరూ డెబ్భైకి దగ్గర్లో ఉన్నారు. యార్క్‌షైర్‌లో ఒకప్పుడు బట్టల మిల్లులుండిన చిన్న ఊళ్ళో ముప్పై ఏళ్ళ పైగా కాపురం. అమెరికా చూడ్డానికి వచ్చి, తిరిగి వెళ్ళే విమానం క్యాన్సిలై న్యూయార్క్‌లో చిక్కుకుపోయారు. ఐస్‌లాండ్‌లో అగ్నిపర్వతం పేలి, ఆ బూడిదకి యూరప్ విమానాలన్నీ నేల మీద నిలబడిపోయిన వారం అది. హోటల్లో ఉండలేక క్యారీలో ఉన్న శకుంతల గారి చెల్లెలింటికి వెళ్తున్నారు.

"తొందరేముందండీ, హాయిగా ఇంకో నెల ఉండొచ్చుగా" అన్నాను.

"మే మొదటి వారంలో ఎన్నికలమ్మా మాకు" అన్నారు డాక్టర్ గారు. "ఈ ముప్పై ఏళ్ళలో ఒక్కటీ తప్పలేదు. ఎరుపు పార్టీకి, అదే మా రెడ్ పార్టీకి, ఇంటింటికీ తిరిగి కరపత్రాలు పంచినవాణ్ణి."

ఆయన పక్కన కిటికీ దగ్గర కూర్చున్న అమెరికన్ ఆవిడ మా తెలుగులోంచి 'రెడ్' అన్న ఒక్క మాట పట్టుకుంది. విల్సన్‌లో దిగే రిటైర్డ్ టీచరు. "అయితే మీరు నా జట్టే" అని చెయ్యి చాపింది. అమెరికాలో ఎరుపు రిపబ్లికన్లది. డాక్టర్ గారు ఆ చెయ్యి పట్టుకునే, మా దగ్గర రంగులు తలకిందులనీ, ఇంగ్లండులో ఎరుపంటే కూలీల పక్షమనీ, నీలమంటే ఆస్తిపరుల పక్షమనీ వివరించారు. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకోలేదు గానీ, "అయ్యో పాపం" అన్నట్టు నవ్వింది.

ఫ్రెడరిక్స్‌బర్గ్ దాటాక శకుంతల గారు న్యూయార్క్‌లో కొన్న బేగెల్స్ అనే గుండ్రటి రొట్టెలు చీల్చి నిమ్మకాయ కారం రాసి అందరికీ ఇచ్చారు. టీచరుగారు కూడా తిని, నీళ్ళు తాగి, ఇంకోటి అడిగింది. అప్పుడడిగాను, "మీదీ ఎరుపేనా ఆంటీ?" అని.

"మొన్నటిదాకా. ఈసారి పసుపు, అక్కడి మూడో పార్టీ" అన్నారావిడ, వేళ్ళకంటిన కారం తుడుచుకుంటూ.

డాక్టర్ గారు కిటికీ వైపు తిరిగారు.

రిచ్‌మండ్‌లో రైలు కాసేపు ఆగినప్పుడు కాళ్ళు సాగదీయడానికి మేమిద్దరం ప్లాట్‌ఫాం మీదికి దిగాం. అక్కడ ఆవిడ కారణం చెప్పారు. వాళ్ళ వీధి చివర చిన్న పోస్టాఫీసు. అందులో ఇరవై ఏళ్ళు కౌంటర్లో పనిచేశారట. ముసలివాళ్ళు పింఛను తీసుకుని, అక్కడే కుర్చీ లాక్కుని కబుర్లు చెప్పి వెళ్ళేవాళ్ళు. రెండేళ్ళ కిందట ప్రభుత్వం చిన్న పోస్టాఫీసులు మూస్తూ దాన్నీ మూసింది. అప్పుడు గద్దె మీదున్నది ఎరుపు పార్టీ.

"ఈయనకి ఆ పార్టీలో అందరూ తెలుసు. ఒక్క మాట చెప్పండి అన్నాను. పార్టీ నిర్ణయం శకుంతలా, నేనెలా కాదంటాను అన్నారు. నా ఉద్యోగం పోయిందని కాదమ్మా, ఎలాగూ మానే వయసే. ఆ మాటే మింగుడుపడలేదు."

సాయంత్రం ఐదున్నరకి క్యారీలో దిగాం. పద్మ కారుతో వచ్చింది. చూస్తే శకుంతల గారి చెల్లెలు సుజాత గారు పద్మ వాళ్ళ వీధిలోనే ఉంటారు. ఆదివారం భోజనానికి మమ్మల్నీ పిలిచారు.

ఆ రోజు వంకాయ కూర తిన్నాక గురువారం జరిగిన బ్రిటన్ ఎన్నికల చర్చ చూడ్డానికి అందరం లాప్‌టాప్ ముందు చేరాం. ముగ్గురు నాయకులు టీవీలో ఎదురెదురుగా వాదించుకోవడం బ్రిటన్‌లో అదే మొదటిసారట. ఆ గదిలో పదిమందిమి ఉన్నాం. సగంమందిది హెచ్‌-1. నాది గ్రీన్‌కార్డు. ఇక్కడ ఓటు లేదు, ఇండియాలో జాబితాలో పేరు ఎప్పుడో పోయింది. ఓటు లేని మేమే ఎక్కువ వాదించుకున్నాం. పసుపు నాయకుడు కెమెరా వైపు చూసి మాట్లాడుతున్నాడని ఒకరు, మాటలదేముందని ఒకరు. నిజంగా ఓటున్న ఆ ఇద్దరూ మాత్రం సోఫాకి చెరో చివర కూర్చుని మాట్లాడకుండా చూశారు.

సుజాత గారి కూతురు డిగ్రీ పట్టా పుచ్చుకునేది మే రెండో వారంలో. అది మనసులో పెట్టుకుని ఆవిడ ఒక ఉపాయం చెప్పారు.

"బావగారూ, మీదొకటి, అక్కదొకటి. రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఇద్దరూ మానేసి పిల్ల ఫంక్షన్ దాకా ఉండిపోండి. ఎవరికీ నష్టం లేదు."

అందరం నవ్వాం. డాక్టర్ గారు, "లెక్క సరిగ్గానే ఉంది" అన్నారు.

"మీది మీరు మానుకోండి. నాది నేను మానుకోను" అన్నారు శకుంతల గారు.

పోస్టులో వేయొచ్చుగా అని పద్మ అడిగింది. కాగితం ఇక్కడికి వచ్చి తిరిగి వెళ్ళేసరికి ఎన్నిక అయిపోతుందన్నారావిడ. పోస్టు సంగతి ఆవిడకి చెప్పగలిగేదెవరు? అక్కడున్న తెలిసినవాళ్ళ చేత మన బదులు వేయించే వీలుందట కదా అన్నారు సుజాత గారు.

"ముప్పై ఏళ్ళూ ఈయన చెప్పిన చోటే గీత పెట్టాను. ఇంకొకరి చేత వేయించినట్టే అయింది. ఇక చాలే సుజాతా."

సుజాత గారు లేచి కాఫీ పెట్టడానికి వెళ్ళారు.

మంగళవారం రాత్రికి లండన్ విమానాలు మళ్ళీ ఎగురుతున్నాయని తెలిసింది. బుధవారం ఉదయం న్యూయార్క్ వెళ్ళే పదింటి రైలుకి నేను స్టేషన్‌కి వెళ్తే దంపతులిద్దరూ ప్లాట్‌ఫాం మీద ఉన్నారు. పెట్టె మాత్రం ఒక్కటే.

"మీరు రావట్లేదా అంకుల్?"

"ఎరుపుకి వెయ్యాలని మనసు లేదమ్మా. ఇంకోదానికి వెయ్యడానికి చెయ్యి రాదు" అన్నారాయన. "ఇన్నేళ్ళూ నాకు రెండు ఓట్లున్నాయని ఆదివారమే తెలిసింది. ఈసారి ఆవిడని వెళ్ళనీ" అన్నారు. పెట్టె తనే పైకెత్తి పెట్టి, మందులు ఏ అరలో ఉన్నాయో రెండుసార్లు చెప్పి దిగిపోయారు.

రాకీ మౌంట్ దగ్గర శకుంతల గారు, "ఒంటరిగా సముద్రం దాటడం ఇదే మొదటిసారి" అన్నారు. పీటర్స్‌బర్గ్ దాటాక నా భుజం మీద తల వాల్చి నిద్రపోయారు.

నాలుగు దాటాక వాషింగ్టన్ వచ్చింది. ఇక్కడ డీజిల్ ఇంజను తీసి కరెంటు ఇంజను తగిలిస్తారు, కాసేపు బోగీలో దీపాలుండవు. ఆ మసక వెలుతురులో సెలవు తీసుకుంటుంటే, "పోలింగు మా వీధి బళ్ళోనే. ఎప్పుడూ ఈయన కార్లో తీసుకెళ్ళేవారు. ఈసారి నడిచి వెళ్తాను" అన్నారు.

మెట్రోలో వియన్నాకి వస్తూ ఆవిడ గురించే ఆలోచించాను. ఒక్క ఓటు కోసం అంత దూరం వెళ్ళే మనిషిని నేనంతకు ముందు చూడలేదు.

ఆ ఎన్నికలో ఎవరికీ మెజారిటీ రాలేదు. పసుపు పార్టీ వెళ్ళి నీలంతో కలిసి ప్రభుత్వంలో చేరింది. నేను జంకుతూనే ఫోన్ చేశాను, బాధపడుతున్నారేమోనని.

"నేను వేసింది నేను వేశాను, వాళ్ళు చేసింది వాళ్ళు చేశారు" అన్నారు శకుంతల గారు. "ఓటడగడానికి మళ్ళీ మా గుమ్మంలోకే వస్తారుగా. అప్పుడు తలుపు నేనే తీస్తాను."