ఇరవై తాకా

2001వ సంవత్సరం. ముంబై దగ్గరి భివండిలో, నార్పోలి పేటలో ఒక మందుల దుకాణం పైగదిలో నేను నెట్ సెంటర్ నడిపేదాన్ని. కొన్ని పాత కంప్యూటర్లు, ఒక ప్రింటరు, ఒక మోడెం. మోడెం అంటే ఫోను తీగ మీదుగా ఇంటర్నెట్‌ను కంప్యూటర్‌కు చేర్చే చిన్న పెట్టె. లైను కలిసేటప్పుడు అది గీపెట్టి అరిచేది. చుట్టూ మరమగ్గాల చప్పుడు కాబట్టి ఆ అరుపును ఎవరూ పట్టించుకునేవారు కాదు.

నాన్న నిజామాబాద్ వైపు నుంచి వచ్చి ఇక్కడ నూలు దుకాణంలో గుమస్తాగా కుదురుకున్నారు. ఆదివారం చర్చి, మిగతా రోజులు నూలు, అదే ఆయన లోకం. అలాంటి ఇంట్లో నేను "ఇంటర్నెట్ మీద కోరా బట్ట అమ్మిస్తా" అని, అంటే మగ్గం దిగిన రంగు వేయని బట్ట, ప్రకటిస్తే ఎవరూ నవ్వలేదు. అమ్మ మాత్రం నా నుదురు పట్టుకుని జ్వరం ఉందేమోనని చూసింది.

ఈ రోజు నన్ను ఇన్వెస్టర్ అంటున్నారు. అంటే కొత్త కంపెనీలు పెట్టేవాళ్ళకు మొదట్లో డబ్బు పెట్టి, వాళ్ళతో పాటు లాభానికీ నష్టానికీ సిద్ధపడే మనిషి. ఈ పని ఎక్కడ నేర్చుకున్నారని అడుగుతుంటారు. ఏదైనా పెద్ద కాలేజీ పేరు చెబుతానని ఎదురుచూస్తారు. నేను భివండిలోనే కనేరి పేటలోని సత్తయ్య కాక కార్ఖానా పేరు చెబుతాను.

సత్తయ్య కాక సిరిసిల్ల వైపు మనిషి. మావాళ్ళు మరమగ్గాన్ని సాంచ అంటారు. కాకకు ఎనిమిది సాంచలు ఉండేవి. సాంచలైతే ఆయనవే గాని పని మాత్రం బట్టల వ్యాపారి సేఠ్‌ది. సేఠ్ నూలు చుట్టిన భీములు పంపిస్తాడు, కాక నేసి ఇస్తాడు, సేఠ్ కూలి కడతాడు. మడతపెట్టిన ప్రతి బట్ట చివరా సేఠ్ ఛాప్, అంటే పేరు ముద్ర, పడుతుంది. సేఠ్ చెడ్డవాడని చెప్పను. బజారు పద్ధతే అది.

నా వెబ్‌సైట్ ఉద్దేశం చాలా చిన్నది. నేసేవాడి పేరుతో ఒక పేజీ ఉండాలి, కొనేవాడు నేరుగా అతనికే రాయాలి. దీన్ని లిస్టింగ్ అంటారు. నెలల తరబడి కార్ఖానాలు తిరిగాను. కొందరు చాయ్ తాగించి పంపారు, కొందరు అదీ లేకుండానే పంపారు. సరేనన్న మొదటి మనిషి సత్తయ్య కాక.

ఆయన పేజీ మొదటిసారి తెరిచిన రోజు నాకింకా గుర్తుంది. ఆ నెమ్మది లైను మీద ముందు పేరు వచ్చింది. తర్వాత బట్ట ఫొటో పైనుంచి కిందికి గీత గీతగా దిగసాగింది. కాక ఫొటో కోసం ఆగలేదు.

"గిది నా పేరేనా బిడ్డా?"

"నీదే కాకా."

"ఢిల్లీల సూస్తే గూడ గిట్లనే కనవడ్తదా?"

"అమెరికాల సూసినా గిట్లనే."

ఆయన లేచి చొక్కా సవరించుకుని మళ్ళీ కూర్చున్నాడు, ఎవరో చూస్తున్నట్టుగా.

పేజీలో ఏం రాయాలో ఆయన చెబుతుంటే నేను ఇంగ్లీషులో కొట్టాను. రేటు కోసం రాయండి, కనీసం ఇరవై తాకా. మా ఊళ్ళో తాకా అంటే మడతపెట్టిన ఒక నిండు బట్ట, సుమారు వంద మీటర్లు. నేను పుట్టింది, పెరిగింది తాకాల మధ్యనే. ఆ మాటకు ఇంకో అర్థం ఉంటుందని నాకు తట్టలేదు, కాకకూ తట్టలేదు.

కొన్ని వారాలకు ఢాకా నుంచి ఒక బట్టల వ్యాపారి మెయిల్ రాశాడు. బట్ట నచ్చిందట. "ఇరవై తాకా మాకు సమ్మతమే, నేత మొదలుపెట్టండి" అన్నాడు. నేను మెట్లు దిగి, ఆటో ఎక్కి, కనేరి చేరేదాకా నాలో నేనే నవ్వుకుంటూ పోయాను.

కాక రెండు సాంచల మీద నుంచి సేఠ్ భీములు దించేశాడు. తన సొంత నూలు కొని ఎక్కించాడు. బజార్లో ఆ పని చేయడమంటే చిన్న తెగింపు కాదు. అంతటితో ఊరుకోకుండా రబ్బరు ఛాప్ ఒకటి చేయించాడు. పైన తెలుగులో, కింద హిందీలో: సత్తయ్య, కనేరి, భివండి. తాకా చివర మొదటి ఛాప్ పడగానే ఆయన భార్య రాజవ్వ చిన్నమ్మ వంగి చూసింది.

"పెండ్లి పత్రిక మీద గూడ ఇంత సక్కగ పడలేదు నీ పేరు" అంది.

ఇరవై తాకాలూ సిద్ధమయ్యాయి. చిరునామా పంపమని ఢాకాకు రాశాను. వచ్చిన జవాబును ఎన్నిసార్లు చదివినా అర్థం కాలేదు. "రేటు మీటరుకు ఇరవై టాకా అని ఒప్పుకున్నాం కదా. మాకు ముందు రెండు వందల మీటర్లు చాలు" అని ఉంది.

అప్పుడు తట్టింది. బంగ్లాదేశ్‌లో డబ్బు పేరే టాకా, ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే మా తాకా కూడా అదే. మేము బట్టల లెక్క చెప్పాం, అతను ధర అనుకున్నాడు. ఒకే మాట మీద ఇద్దరూ సంబరంగా ఒప్పుకున్నారు, ఇద్దరి మనసులో ఉన్నది మాత్రం వేరు. ఆ ధరకు అమ్మితే నూలు ఖర్చు కూడా రాదు.

కాకకు ఈ సంగతి చెప్పడం నా జీవితంలో చేసిన కష్టమైన పనుల్లో ఒకటి.  విని ఆయన "ఫోన్ కలుపు, నేనే మాట్లాడ్త" అన్నాడు.

ఐఎస్‌డీ బూత్ నుంచి ఢాకాకు కలిపాను. సాంచల చప్పుడులో బతికిన మనిషి కదా, కాక గొంతు పెంచితే ఫోను అక్కర్లేకుండానే ఢాకా దాకా వినిపించేలా ఉంది. "భాయ్‌సాబ్, హమారా తాకా మతలబ్ కపడా! పైసా నహీ, కపడా!" మా తాకా అంటే డబ్బు కాదు, బట్ట అని. అవతల నుంచి పెద్దగా నవ్వు. కాక కూడా నవ్వాడు. బూత్ యజమాని ఏమీ తెలియకుండానే నవ్వాడు. ఆ ఢాకా ఆయన మంచివాడు. సరైన ధరకు రెండు తాకాలు తీసుకుంటానన్నాడు. అంతకు మించి కొనే శక్తి అతనికి లేదు.

మిగిలినవి పద్దెనిమిది. కాక సేఠ్ దగ్గరికి వెళ్ళాడు. సేఠ్ తిట్టలేదు, బట్ట తీసుకుంటానన్నాడు. కానీ ఇంకొకరి ఛాప్ ఉన్న తాకా తన గోదాంలోకి రాదు. ఆ చివరలు కత్తిరించి తెమ్మన్నాడు.

మర్నాడు నేను కనేరి వెళ్ళేసరికి కరెంటు లేదు. సాంచలన్నీ ఆగిపోయి, చప్పుడు లేక కార్ఖానా కొత్త చోటులా ఉంది. కాక నేల మీద కూర్చుని ఒక్కో తాకా చివర విప్పి, తన పేరున్న మేరకు కత్తెరతో కోస్తున్నాడు. గీత వంకర పోకుండా జాగ్రత్తగా కోస్తున్నాడు. 

"కాకా, సైట్ మూసేస్తా. ఇంకెవలన్న గిట్లనే మునిగితే ఎట్ల?" అన్నాను.

ఆయన కత్తెర ఆపాడు.

"మూస్తవా? ఎందుకు? పోరనిగ ఉన్నప్పుడు సాంచ పట్టిన. ఎంత బట్ట నేసిన్నో నాకే ఎర్కలేదు. దేని మీదనన్న నా పేరు సూసినవా? ఇగో, ఉన్న ఒక్కదాన్ని నా చేతులతోనే కోస్తున్న. ఢాకకు పోయే రెండు తీస్తె, ఇగ అది నీ కంప్యూటర్లనే మిగిలింది బిడ్డా. దాన్ని గూడ తీసేస్తా అంటవేంది?"

 బయటికొచ్చి గోడవైపు తిరిగి ఏడ్చాను.

సైట్ మూయలేదు. "తాకా" అన్న మాట కూడా తీయలేదు. దాని కింద అర్థం రాశాను. తర్వాత ఇంకో మగ్గాల ఊరు మాలేగావ్ వాళ్ళు చేరినప్పుడు వాళ్ళ మాటలు, సిరిసిల్ల వాళ్ళు చేరినప్పుడు వాళ్ళవి, ప్రతి బజారు మాటకూ అర్థం పెడుతూ పోయాను. మాటల పేజీ కోసమే చాలామంది మా సైట్‌కు వచ్చేవారు. కొన్నేళ్ళకు ముంబైలోని ఒక పెద్ద కంపెనీ సైట్‌నే కొనుక్కుంది, ఆ డబ్బుతోనే నేను ఇన్వెస్టర్‌నయ్యాను. ఢాకా ఆయన ఒకసారి ఒక తాకా, ఇంకోసారి రెండు అడుగుతూనే ఉన్నాడు. ఆయన్ని చూసి ఇంకొందరు అడిగారు. కాక కార్ఖానాలో ఆ రెండు సాంచల మీదికి సేఠ్ భీము మళ్ళీ ఎక్కలేదు.

ఇప్పుడు నా దగ్గరికి వచ్చే కుర్రవాళ్ళు తెర మీద గీతలు పైకి పోతున్న బొమ్మలు చూపిస్తారు. వినియోగదారులు ఎంతమందో చెబుతారు. అన్నీ వింటాను. తర్వాత రెండే అడుగుతాను. మీరు అమ్మేదాన్ని కొనేవాళ్ళు ఏమని పిలుస్తారు? మీ వల్ల ఎవరి పేరు మొదటిసారి బయటికి వస్తుంది? మొదటిదానికి చాలామంది జవాబు చెబుతారు. రెండోదానికి తడుముకోకుండా చెప్పినవాళ్ళకే నేను డబ్బు పెట్టాను. అందులో కొంత పోయింది కూడా, దానికి బాధ లేదు.

కోసిన ఆ ముక్కల్ని రాజవ్వ చిన్నమ్మ పారేయలేదు. ఆ రోజుల్లో కంప్యూటర్ మీద దుమ్ము పడకుండా గుడ్డ కప్పేవాళ్ళం. ఆమె ఆ ముక్కలన్నీ కలిపి కుట్టి, నా నెట్ సెంటర్ కంప్యూటర్‌కు ముసుగు చేసి తెచ్చింది. ఎటు చూసినా కాక పేరే. అది ఇప్పుడు నా ఆఫీసులో, వచ్చినవాళ్ళు కూర్చునే కుర్చీకి ఎదురుగా గోడ మీద ఉంది.

మొన్న ఒక అమ్మాయి దాన్ని చాలాసేపు చూసి, "మేడమ్, ఇది ఏ బ్రాండ్?" అని అడిగింది.

"బ్రాండ్ కాదమ్మా, అది నేసినాయన పేరు" అన్నాను.