లేహాకు పెట్టిన పాస్తా

మా సందు మొదట్లో స్కూటర్లు బాగుచేసే కొట్టు ఆహోంగ్‌ది. ముందు కొట్టు, వెనక ఇల్లు. ఆ కొట్టు దాటకుండా కూరగాయల బజారుకు దారి లేదు. అందుకని వాళ్ళింట్లో ఏం జరిగినా నాకు తెలియకుండా పోయే వీలు కూడా లేదు.

మనిషి మాటకారి కాదు. ఇంజను చప్పుడు విని దాని జబ్బేమిటో చెప్పేస్తాడు. ఎదుటివాళ్ళ ముఖం చూసి నాలుగు ముక్కలు మాట్లాడమంటే మాత్రం చెమటలు పట్టేస్తాయి. చదువు ఒంటబట్టక మీసాలు రాకముందే ఒక మేస్త్రీ దగ్గర పనికి కుదిరాడు. ఇంత వయసొచ్చినా అతని గోళ్ళ కింద ఆ నలుపు అలాగే ఉంది. పెళ్ళి కూడా స్కూటరు పుణ్యమే. లేహా అప్పట్లో చిన్నపిల్లల బడిలో వంటింటి పనికి పోయేది. ఒకరోజు ఆమె బండి సరిగ్గా మా సందులోనే మొరాయించింది. ఊళ్ళో వాళ్ళందరి బళ్ళూ పూట తిరక్కుండా ఇచ్చేసే ఆహోంగ్ ఆమె బండిని మాత్రం రోజుల తరబడి కొట్టులోనే ఉంచేశాడు. అడిగితే "ఇంకో సామాను రావాలి" అనేవాడు. అదేం సామానో నేనూ అడిగి చూశాను, చెప్పలేదు. ఆ సామాను వచ్చేలోగా పెళ్ళి కుదిరిపోయింది.

ఆ తరువాత ఆ ఇంట్లో పానాలు ఆహోంగ్‌వి, పొయ్యి లేహాది. కొత్త సంవత్సరం ముందు ఊరంతా బళ్ళు తెచ్చి అతని మీద పడేసే రోజుల్లో ఆమె వెనక్కి వెళ్ళి, అరగంట తిరగకుండా ఒకే మూకుట్లో కోడిమాంసం పాస్తా చేసి పట్టుకొచ్చేది. బడిలో పిల్లలకు వండుతూ నేర్చుకున్న వంట అది. వెన్నలో మైదా వేయించి, పాలు పోసి, చిక్కగా, మెత్తగా చేసేది. పళ్ళు లేని నా మొగుడు కూడా ఆ పాస్తాకు ఎదురుచూసేవాడు. ఆహోంగ్ మాత్రం గ్రీజు చేతికి ప్లాస్టిక్ సంచి తొడుక్కుని, నిలబడే తినేసి, మళ్ళీ బండి కింద దూరేవాడు.

లేహా జబ్బుచేసి పోయి రెండేళ్ళయింది. సాగనంపిన రోజున ఆమె తల్లి బోంగ్‌చి అవ్వ అందరి ముందూ అల్లుణ్ణి ఒక మాట అడిగింది. "ఇన్నేళ్ళు అది నీకు వండి పెట్టింది. నీ చేత్తో ఒక్క పూటైనా దానికి పెట్టావా?"  పెట్టలేదని మా సందంతటికీ తెలుసు.

మొదటి ఏడు తిథికి బజారులో వండిన భోజనం పెట్టెల్లో తెప్పించి లేహా ఫొటో ముందు బల్ల మీద పెట్టాడు. పోయినవాళ్ళు తిన్నారో లేదో అడగడానికి మేం రెండు బిళ్ళలు నేలమీద వేస్తాం; మొదటిసారి వేయగానే అవి తిన్నానన్నాయి. అందరం సంతోషించాం. ఆహోంగ్ మాత్రం రెండు రోజులు ముఖం వేలాడేసుకుని తిరిగాడు. ఏమయిందని పట్టుబట్టి అడిగితే, "లేహా అంత తొందరగా ఏనాడూ తినలేదు పెద్దక్కా. చుట్టపుచూపుగా వచ్చినట్టు మొహమాటానికి రెండు మెతుకులు తిని పోయినట్టుంది" అన్నాడు.

ఈ ఏడు తిథినాడు మధ్యాహ్నానికే అతని షట్టరు సగం దిగి ఉంది. పనిరోజున షట్టరు దిగితే ఎవరు ఊరుకుంటారు? నేను వంగి లోపలికి దూరాను.

"ఏంటయ్యా, ఒంట్లో బాలేదా?"

"వంట చేస్తున్నా పెద్దక్కా."

"ఎవరు?"

"నేనే."

"ఎవరికి?"

"లేహాకి." ఉల్లిపాయ కోస్తున్నాడు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఈసారి నా చేత్తో పెడతా. తింటే తింటుంది."

వంటింటి మూల స్టూలు మీద బోంగ్‌చి అవ్వ కూర్చుని ఉంది. సముద్రం ఒడ్డున ఉన్న తన ఊరు బుడై నుంచి పొద్దున్నే బస్సులో వచ్చిందట. గొడుగు ఒళ్ళో పెట్టుకుని, కన్ను ఆర్పకుండా అల్లుణ్ణి చూస్తోంది.

"రా తల్లీ, నువ్వూ చూద్దువు గాని. మా అల్లుడు ఇవాళ కోడిని రిపేరు చేస్తున్నాడు."

"పనిముట్లన్నీ సిద్ధంగా ఉన్నాయా అవ్వా?"

"సుత్తి ఒక్కటే తక్కువ."

ఆహోంగ్ కోడి తొడల మాంసాన్ని ముక్కలు కోశాడు. ఒక ముక్క కొంచెం పెద్దదైతే పక్కదానితో కొలిచి చూసి అంచు చెక్కాడు. వంట ఎలా చెయ్యాలో కూతురు పిన్‌రూ చెప్పి పంపిన మాటలు ఫోనులో ఉన్నాయి. పిన్‌రూ దంతాల డాక్టరు దగ్గర పనిచేస్తుంది, సాయంత్రం గానీ రాదు. అతను ఒక్కో పని చేసి చెయ్యి తుడుచుకుని మళ్ళీ మొదటినుంచి వింటున్నాడు. "నాన్నా, ముందు ముక్కలు ఎర్రగా వేయించి తీసెయ్. అదే మూకుట్లో వెన్న, ఉల్లిపాయ, పుట్టగొడుగులు. తర్వాత మైదా. పాలు కొంచెం కొంచెంగా పొయ్యి, కలుపుతూ ఉండు, ఉండలు కట్టకూడదు. పాస్తా అందులోనే ఉడికిపోతుంది. చివర్లో మిరియాల పొడి చల్లి, రుచి చూసి ఉప్పు వేసుకో. కంగారు పడకు నాన్నా."

కంగారు పడకుండా ఎలా ఉంటాడు? మైదా పడగానే మూకుడు ముద్దకట్టింది. నేను పాలు అందించాను. అతను స్కూటరులో నూనె పోసినంత సన్నటి ధారగా పోస్తూ గరిటె తిప్పాడు. ముద్ద విడి, మెల్లగా పలచబడి, మళ్ళీ చిక్కబడింది. పాస్తా వేసి, ముక్కలు వేసి, మూత పెట్టాడు. ఇల్లంతా పాల వాసన, వెన్న వాసన. ఆ వాసన ఆ ఇంట్లో రెండేళ్ళుగా లేదు. అవ్వ ముఖం గోడవైపు తిప్పుకుంది.

ఉడికిందనిపించాక ఆహోంగ్ చెంచాతో కొంచెం తీసి ఊదుకున్నాడు. చెంచా పెదాల దాకా వెళ్ళిందో లేదో, అవ్వ గొడుగు అతని మణికట్టు మీద పడింది.

"తిథి కూడు! లేహా తినకముందే ఎంగిలి చేస్తావా?"

"రుచి చూడమంది పిన్‌రూ..."

"పిన్‌రూ పళ్ళ డాక్టరు దగ్గర పనిచేస్తుంది, పూజారి దగ్గర కాదు. నా కూతురు ఇన్నేళ్ళూ మీ పెద్దలకి వండింది. ఒక్కనాడైనా నాలిక్కి తగిలించుకుందా?"

"లేహాకి చేత్తోనే తెలిసిపోయేది అత్తయ్యా."

"నీకు తెలీదనేగా నేనూ అంటున్నా."

అతను చెంచా దించేశాడు. అంతలో అడుగు అంటుతున్న వాసన వచ్చింది. పరుగున వెళ్ళి పొయ్యి ఆపి, మరికాసిని పాలు పోసి గీకాడు.

సాయంత్రం పిన్‌రూ వచ్చే వేళకు ముందుగదిలో బల్ల సిద్ధమయింది. లేహా ఫొటో ముందు లోతుగిన్నెలో పాస్తా, పక్కన అన్నం, బత్తాయిలు, టీ. పిన్‌రూ అగరువత్తులు వెలిగించి మోకాళ్ళ మీద కూర్చుంది. భర్త కనుక ఆహోంగ్ నిలబడే దణ్ణం పెట్టాడు. తల్లి బిడ్డకు దణ్ణం పెట్టకూడదు కనుక బోంగ్‌చి అవ్వ పక్కన కుర్చీలో కూర్చుంది. వత్తులు సగం కాలేదాకా ఆగి, ఆహోంగ్ జేబులోంచి రెండు బిళ్ళలు తీశాడు.

ఒకటి బొమ్మ, ఒకటి బొరుసు పడితే ఔనన్నట్టు, అంటే ఆమె తిన్నట్టు, బల్ల మీదివి తీసి మనం తినొచ్చు. రెండూ బొమ్మలైతే నవ్వుతున్నట్టు. రెండూ బొరుసులైతే లేదన్నట్టు.

"లేహా, తిన్నావా?"

రెండూ బొరుసులు.

"ఇంకా తింటోందేమో," అంది పిన్‌రూ. ఆగాం. మళ్ళీ వేశాడు. మళ్ళీ బొరుసులే.

"ఎవరు వండారో దాని నోటికి తెలిసిపోయింది," అంది అవ్వ.

ఆహోంగ్ చెవులు ఎర్రబడ్డాయి. నాకు ఊరుకోబుద్ధి కాలేదు. "ఫోర్కు పెట్టావేంటయ్యా గిన్నెలో? లేహా ఏనాడైనా ఫోర్కుతో తిందా? అన్నం తినే పుల్లలు పెట్టు." పుల్లలు పెట్టాం. బొరుసులే. టీ చల్లారిందని వేడిది పోశాం. ఈసారి రెండూ బొమ్మలు.

"అమ్మ నవ్వుతోంది నాన్నా!"

"నవ్వదా మరి," అంది అవ్వ.

ఆహోంగ్ నవ్వలేదు. గిన్నెలో పాస్తా మీద మీగడలా పొర కట్టింది. వత్తులు అడుగంటుతుంటే పిన్‌రూ కొత్తవి వెలిగించింది. అతను బిళ్ళలు గుప్పిట్లో నలిపాడు. తరువాత మేమెవరం పక్కన లేనట్టు చిన్నగా అడిగాడు.

"లేహా, నా మీద కోపమా?"

 బిళ్ళలు నేలమీద గిర్రున తిరిగి పడ్డాయి. రెండూ బొరుసులు.

"లేదంటోంది! కోపం లేదంటోంది!" పిన్‌రూ చప్పట్లు కొట్టింది. అప్పటిదాకా మమ్మల్ని ఏడిపించిన ఆ బొరుసులే అంత ముద్దొస్తాయని ఎవరం అనుకున్నాం? ఆహోంగ్ చొక్కా చేతితో ముఖం తుడుచుకున్నాడు.

"మరి నేనేమైనా మర్చిపోయానా?"

ఒకటి బొమ్మ, ఒకటి బొరుసు.

ఇక మాకు ఉత్సాహం వచ్చింది, ఒక్కొక్కటే అడిగి బిళ్ళలు వేయించాం. "పచ్చి బఠాణీలా?" అంది పిన్‌రూ. కాదట. "చీజుముక్క వేసేదేమో?" అన్నాను. కాదట. "ఇంకో గిన్నె కావాలా?" కాదు. "పుట్టగొడుగులు ఎక్కువయ్యాయా?" "అత్తా, మర్చిపోయింది అడుగుతుంటే ఎక్కువయ్యింది అంటావేం?" అని పిన్‌రూ నన్నే కసిరింది. వీధిలో పోయేవాళ్ళు షట్టరు కిందనుంచి తొంగి చూస్తున్నారు.

"ఉప్పు."

బోంగ్‌చి అవ్వ అంది, ఎవరివైపూ చూడకుండా.

"ఏంటమ్మమ్మా?"

"మీ నాన్న ఉప్పెయ్యలేదు. డబ్బా మూతే తియ్యలేదు."

 నేనూ అక్కడే ఉన్నాను, గమనించలేదు. ఆమె గమనించకుండా ఎలా ఉంటుంది? బుడైలో ఉప్పుమళ్ళు మూతపడేదాకా పార పట్టుకుని ఉప్పు ఎత్తిన మనిషి.

"తెలిసి ఊరుకున్నావా అమ్మమ్మా? ఇంతసేపు!"

"ఊరుకున్నా." అవ్వ గొడుగు పిడి నిమురుతూ కూర్చుంది. "రుచి చూస్తే వాడికే తెలిసేది. చూడొద్దన్నది నేను. ఆనక చెబుదామనుకుంటూనే... లేహా వాడి వంట వద్దంటే వినాలనిపించింది. వద్దంది, విన్నా. ఏమంత బాగోలేదు." గొడుగు కుర్చీకి ఆనించి, "కోపం లేదందిగా. ఇంక నాకెందుకు?" అంది.

లేచి వంటింట్లోకి వెళ్ళి ఉప్పుడబ్బా తెచ్చింది. తనే వేస్తుందనుకున్నాం. తీసుకొచ్చి అల్లుడి చేతిలో పెట్టింది.

"వెయ్యి. వంట నీది."

"ఎంత అత్తయ్యా?"

"చెయ్యి చూపించు." అతను తీసిన చిటికెడు చూసి, "అంతేస్తే సముద్రం. సగం రాల్చు. ఆఁ, ఇంకొంచెం రాల్చు. చాలు."

గిన్నె లోపలికి పట్టుకెళ్ళి, వేడి పాలు కాసిని పోసి, ఉప్పు కలిపి, వెచ్చబెట్టి తెచ్చి మళ్ళీ లేహా ముందు పెట్టాడు. పొర కరిగి పాస్తా నిగనిగలాడింది. ఈసారి అవ్వే అంది, "కాస్త ఆగు. నిదానంగా తినే పిల్ల." ఆగాం. గడియారంలో పెద్దముల్లు ఎంత కదిలిందో ఎవరూ చూడలేదు. అవ్వ తల ఊపాక ఆహోంగ్ బిళ్ళలు వేశాడు.

ఒకటి అతని పాదం దగ్గర బొమ్మగా పడింది. రెండోది దొర్లుకుంటూ బల్ల కిందకు పోయింది. అందరం నేలమీద వంగాం. పిన్‌రూ ఫోను దీపం వేసింది. నా మోకాళ్ళు మొర్రోమన్నా నేనే ముందు చూశాను.

"బొరుసు! బొరుసయ్యా, తిన్నది!"

ఆహోంగ్ బల్ల కిందనుంచి వెంటనే లేవలేదు. ఆ బిళ్ళ చేతిలోకి తీసుకుని అక్కడే కూర్చున్నాడు. అవ్వ వంగి అతని భుజం మీద తట్టింది. "లే, లే. కాగితాలు కాల్చాలి. ఆకలేస్తోంది."

కొట్టు ముందు రేకుడబ్బాలో లేహాకు చేరాలని కాగితపు డబ్బు కాల్చి, మిగతా పాస్తాలోనూ ఉప్పు కలిపి, నలుగురం వేడివేడిగా తిన్నాం. మాంసం కొంచెం బిరుసెక్కింది, పాస్తా కొంచెం ఎక్కువ ఉడికింది. అయినా గిన్నె అడుగు కూడా మిగల్లేదు. ఆహోంగ్ కూర్చునే తిన్నాడు. నాకు తెలిసి ఆ ఇంట్లో అతను కుర్చీలో కూర్చుని పూర్తి భోజనం చెయ్యడం అదే మొదలు.

ఆఖరి బస్సు వేళయిందని పిన్‌రూ స్కూటరు తాళాలు తీసింది. అవ్వ గొడుగు తలుపు వెనక తగిలించి, తాళాలకేసి చెయ్యి ఊపింది.

"ఇవాళ పోను. ఇక్కడే పడుకుంటా."

"రేపు పొద్దున వెళ్దువు గాని అత్తయ్యా," అన్నాడు ఆహోంగ్ తెగ సంతోషపడిపోయి.

"పొద్దున తినకుండా పోతాననుకున్నావా? ఏం వండుతావో ఇప్పుడే ఆలోచించుకో."

ఆమె మంచం వెతుక్కుంటూ లోపలికి వెళ్ళగానే అతను నావైపు వంగి, ఎవరికీ వినపడకుండా అడిగాడు.

"పెద్దక్కా, గంజి కాయడానికి బియ్యం కడగాలా, అక్కర్లేదా?"