కరెంటు పోయినా ఆగని మగ్గం

ఆ రోజు పొద్దున పదకొండు గంటలప్పుడు కరెంటు పోయింది. మా ముందు గదిలో ఉన్న నాలుగు పవర్‌లూములూ ఒక్కసారే ఆగాయి. చప్పుడు మాత్రం ఆగలేదు. ఏదో ఒకటి ఇంకా ఆడుతోందనుకుని నాలుగింటినీ చేత్తో తాకి చూశాను. ఏదీ కదలడం లేదు. చప్పుడు నా చెవుల్లో ఉంది.

ఊయలలో మనవరాలు లేచి ఏడ్చింది. అది మాకు మామూలే. మగ్గాలు ఆడితే నిద్రపోతుంది, కరెంటు పోతే లేస్తుంది. మదనపల్లెలో మా వీధి పిల్లలందరూ అలాగే పెరిగారు. “మగ్గమే జోల పాడతాది” అంటారు మావాళ్లు. అందుకే ఊయలను మగ్గాల గదిలోనే దూలానికి కట్టాను.

నా పేరు రెడ్డెమ్మ. పెద్దమండ్యం దగ్గర మా చేలో బోరు ఎండిపోయాక నేనూ మా ఆయనా మదనపల్లె చేరి పట్టుచీరల నేతలో పడ్డాం. అది జరిగి ఇరవై ఏళ్లు దాటింది. మా కూతురు అరుణ రోజూ బస్సులో పుంగనూరు వెళ్లి బట్టల కొట్లో పనిచేసి వస్తుంది. అప్పటికి ఎనిమిది నెలలున్న దాని పాపను పగలంతా నేనే చూసుకునేదాన్ని.

చెవిలో మోత తగ్గుతుందని రెండు నెలలు వెల్లుల్లి వేసి కాచిన నూనె చుక్కలు పోసుకున్నాను. దూది పెట్టుకున్నాను. మా ఆయన “పాలు యాడ పెట్టినావే?” అని అడిగితే నూలు అన్నాడనుకుని నూలు కండె తెచ్చి చేతిలో పెట్టాను. “సెవిటోని ముందర శంఖం ఊదినట్టుండాది నా బతుకు” అన్నాడు. “నాకేం సెవుడు రాలేదు, నువ్వే సన్నంగా మాట్లాడతాండావు” అని నేను కసురుకున్నాను.

నా చెవి ఒక్కటే అయితే ఇంకా కొన్నాళ్లు అలాగే కసురుకుంటూ ఉండేదాన్ని. ఒక ఆదివారం అరుణ మగ్గాల దగ్గర నిలబడి పాపను పిలిచింది. పాప తిరగలేదు. దగ్గరికి పోయి మళ్లీ పిలిచింది.

“అమ్మా, ఇది తిరిగి సూసేదే లేదు. నీ మాదిరే అయిపోయిందేమో!”

ఆ మాట నాకు స్పష్టంగా వినబడింది.

మదనపల్లె డాక్టరు మా ఇద్దరి చెవుల్లో లైటు వేసి చూశారు. గుబిలి లేదు, పొరలు బాగున్నాయి, పాపకు చేయాల్సిన టెస్టు తన దగ్గర లేదు, కుప్పంలో పెద్దాసుపత్రికి వెళ్లండి అన్నారు. మరుసటి వారం వెళ్లాం.

ముందు నాకు ఆడియోమెట్రీ చేశారు. అద్దాల గదిలో కూర్చోబెట్టి, శబ్దం వినబడితే బటన్ నొక్కమన్నారు. నేను టకటకా నొక్కాను. “అమ్మా, నేనింకా శబ్దమే పెట్టలేదు” అంది టెస్టు చేసే అమ్మాయి.

డాక్టరమ్మ గ్రాఫు చూపించారు. గీత సగం దాకా తిన్నగా వచ్చి, తర్వాత కిందికి జారిపోయింది. “ఇది నాయిస్ ఇండ్యూస్డ్ హియరింగ్ లాస్, రొద వల్ల వచ్చిన చెవుడు. హై ఫ్రీక్వెన్సీ పోయింది, అంటే సన్నటి శబ్దాలు అందవు. లోపల మోగేదాన్ని టిన్నిటస్ అంటాం. పోయింది తిరిగి రాదమ్మా, మిగిలింది కాపాడుకోవాలి.”

“దూది పెట్టుకుంటాండాను మేడం.”

“దూది చప్పుడును ఆపదు. పెట్టుకున్నామన్న తృప్తి, అంతే.” తర్వాత అడిగారు: “పాప ఎక్కడ పడుకుంటుంది?”

మగ్గాల గదిలో అయితేనే బాగా పడుకుంటుందని కొంచెం గొప్పగానే చెప్పాను. ఆమె రాస్తున్న పెన్ను పక్కన పెట్టారు.

పాపకు బెరా టెస్టు అన్నారు, పసిపిల్లలకు వినబడుతోందో లేదో మిషనుతో చూసేది. పాప నిద్రపోతేనే చేస్తారట. నిద్రమందు సిరప్ తాగించి నిశ్శబ్దంగా ఉన్న గదిలో పడుకోబెట్టారు. గంట దాటినా పాప కళ్లు మూయలేదు. అరుణ ఎత్తుకుని తిప్పింది, జోల పాడింది. “యాడ పడుకుంటాదమ్మా, మగ్గం లేందే!” అని ఏడుపు మొహం పెట్టింది. నేను పాపను తీసుకుని ఒళ్లో వేసుకున్నాను. వీపు మీద మగ్గం ఆడే లెక్కతో తట్టాను. చేతికి ఇరవై ఏళ్ల అలవాటు, తప్పదు. కాసేపటికి పాప నిద్రపోయింది.

టెస్టు అయ్యేదాకా బయట బెంచీ మీద కూర్చున్నాను. దేవుడికి మొక్కుకోవాలని కూడా తోచలేదు. ఆ ఊయలను దూలానికి కట్టింది నా చేతులే కదా అని నన్ను నేను తిట్టుకుంటూ ఉన్నాను.

“రెండు చెవులూ నార్మల్” అన్నారు డాక్టరమ్మ. “ఆ రొదలో మీరు పిలిస్తే ఎవరికి వినబడుతుంది? కానీ ఇంకా ఆ గదిలోనే ఉంచితే మాత్రం నేను హామీ ఇవ్వలేను.” అరుణ నన్ను పట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

ఊయలను వెనక గదికి మార్చాం. అయితే అక్కడా గిన్నెలు గలగలమనేవి. పుంగనూరు రైసుమిల్లులో ఫిట్టరుగా చేసే మా తమ్ముడు నాగప్పను పిలిపించాం. వాడు ఆ గదిలో నేల మీద గ్లాసుతో నీళ్లు పెట్టాడు. నీళ్లు వణికాయి.

“మిషను అదరకూడదనే కదప్పా, బోల్టులేసి సిమెంటు పోసింది!” అన్నాడు మా ఆయన.

“అదురు యాడికి పోతాది బావా? మిషన్లోంచి నేలకు, నేల్లోంచి గోడకు, గోడలోంచి దూలానికి పోతాండాది. మీరే దారేసి పంపిచ్చినారు. గోడలకు సెవులుంటాయంటారు గదా, మీ గోడలకూ ఈపాటికి సెవుడొచ్చింటాది.”

మా వీధిలో అందరం చేసిన తప్పే అది. గట్టిగా బిగిస్తే చాలనుకున్నాం. నాగప్ప బోల్టులు తీసి మగ్గాల కాళ్ల కింద పాత టైరు ముక్కలు పెట్టాడు. మూడు రోజులకు ఒక మగ్గం పక్కకు జరిగి పడుగంతా తెగింది. మా ఆయన రెండు రోజులు నాగప్పతో మాట్లాడలేదు. తర్వాత నాగప్పే మిషన్ల బరువుకు తగ్గట్టు చేసిన రబ్బరు ప్యాడ్లు తెచ్చి, మట్టం చూసి బిగించాడు. మధ్య తలుపు అంచులకు కూడా రబ్బరు కొట్టాడు. ఇప్పుడు వెనక గదిలో గ్లాసు నీళ్లు కదలవు. ముందు గదిలో మాత్రం రొద పెద్దగా తగ్గలేదు. అందుకని అక్కడ నేనూ మా ఆయనా చెవులు మొత్తం కప్పే ఇయర్ మఫ్స్ పెట్టుకుంటాం. మొదట్లో “ఎద్దుకు గంతలు కట్టినట్టుండావు” అని నన్ను చూసి నవ్విన మా ఆయన ఇప్పుడు అవి లేకుండా మగ్గం ముట్టడు.

నా కుడి చెవికి హియరింగ్ ఎయిడ్ పెట్టారు. మాటలు అందుతున్నాయి. మోత పోలేదు. పాపకు ఏడాదిన్నర నిండింది, పరిగెడుతోంది. అరుణ దాని కాళ్లకు సన్న గజ్జెలు వేసింది, ఎక్కడుందో నాకు తెలియాలని. ఎయిడ్ తీసేస్తే ఆ గజ్జెలు నాకు వినబడవు. అది నాకు కష్టంగానే ఉంది.

మిషన్లున్న ఇళ్లవాళ్లకు ఒక్కటే చెబుతాను. మిషన్లు ఆడుతుండగా చెయ్యి చాపితే అందే దూరంలో ఎదురెదురుగా నిలబడి మాట్లాడి చూడండి. అరిస్తే తప్ప వినబడలేదంటే ఆ గదిలోంచి ముందు ఊయల తీసేయండి. మిగతావన్నీ తర్వాత చూసుకోవచ్చు.

మధ్యాహ్నాలు పాపను వెనక గదిలో పడుకోబెట్టి మగ్గం లెక్కతో వీపు తడతాను. నిన్న కూడా కరెంటు పోయింది. పాప లేవలేదు.