నా పాయింట్లు చదివినవాడు మంత్రి అయ్యాడు

ఆ వార్త నాకు గోదావరిఖని చౌరస్తా దగ్గరి హోటల్లో తెలిసింది. గోడమీది టీవీలో కొత్త మంత్రులు ఒకరి తరువాత ఒకరు ప్రమాణం చేస్తున్నారు. మా ఊరివాడు ఏడోవాడో ఎనిమిదోవాడో. అతని ముఖం కింద అక్షరాలు పరుగెత్తాయి: సమాచార శాఖ. నేను చాయ్ గ్లాసు బల్లమీద పెట్టి, హేతువాది చేయకూడని పని ఒకటి చేశాను. ఆ వార్త అబద్ధం కావాలని కోరుకున్నాను.

హోటల్లో నాకు తోడు బాగానే దొరికింది. జిల్లాకొకటి ఇవ్వాలి కాబట్టి ఇచ్చారని ఒకరన్నారు. కులం లెక్క సరిపోవడానికి అని ఇంకొకరు. పెద్ద శాఖలన్నీ పంచగా మిగిలింది ఇదేనని మూడో ఆయన. మొదటి షిఫ్టు దిగి వచ్చిన ఒక కార్మికుడు మాత్రం తీరిగ్గా బీడీ ఆర్పి అన్నాడు:

"మా కాలనీల మూడు దినాలు నల్లా బందుంటే గాయినకు మేమే ఫోన్ జేసి చెప్పినం. గాయినకే సమాచారం మనం ఇయ్యాలె. ఇగ గాయిన మనకేమిస్తడు?"

అందరూ నవ్వారు. అందరికన్నా పెద్దగా నేను నవ్వాను.

వాళ్ల అనుమానంలో తప్పేమీ లేదు. ప్రభుత్వం ఏం చేస్తున్నదో, ఏం చేయలేకపోయిందో జనానికి చెప్పవలసిన శాఖ అది. దానికి మనిషిని ఎంచేటప్పుడు అతనికి ఏం తెలుసు అని కాక, అతనికివ్వకపోతే ఎవరు అలుగుతారు అని చూస్తే, ఆ శాఖ ప్రజల చెవి దగ్గర కాదు, పార్టీ నోటి దగ్గర కూర్చుంటుంది. ఇది నేను ఇరవై వ్యాసాల్లో రాసిన మాట. మాట సరైనదే. ఆ రోజు దాన్ని అనడానికి నాకున్న కారణం సరైనది కాదు.

కారణం చెప్పాలంటే మా చర్చా సంఘం సంగతి చెప్పాలి. ముప్పై ఏళ్ల కింద మేం పదిహేను మందిమి ఉండేవాళ్లం, ఇప్పటి ఈ మంత్రీ అందులో ఒకడు. అందరం బాయి దిగేవాళ్లమే; బొగ్గు గనిని మేం బాయి అనే అంటాం. సోదె, చేతబడి, దయ్యం, మంచిరోజు, దేనిమీదైనా సరే సవాలు చేసి సభ పెట్టేవాళ్లం. చిక్కు ఒక్కటే. వారం వారం షిఫ్టులు మారేవి. సభ సాయంత్రం ఉంటే రెండో షిఫ్టువాడు భూమిలోపల ఉంటాడు. అందుకని మాకొక పద్ధతి ఏర్పడింది. ఆ వారం రెండో షిఫ్టులో పడ్డవాడు పాయింట్లు రాసివ్వాలి. మొదటి షిఫ్టులో ఉన్నవాడు ఇంటికొచ్చి, స్నానం చేసి, ఆ కాగితం పట్టుకొని వేదికెక్కాలి. పాయింట్లు ఎవరివన్నది ఎవరూ బయట చెప్పుకోకూడదు, అవి సంఘానివి. ఈ నియమాలన్నీ పెట్టింది నేనే.

ఒక ఎండాకాలం ఒక బాయిలో కప్పు కూలి ఒక మనిషి పోయాడు. ఆ ఏడు బాయిని కాచే దేవత మైసమ్మకు మేకను సరిగ్గా ఇవ్వలేదని, అందుకే ఇలా అయిందని మాట పుట్టింది. జనం పనికి దిగడానికి భయపడ్డారు. మేం సభ పెట్టాం. ఆ వారం నాది రెండో షిఫ్టు. పదకొండు పాయింట్లు రాశాను. మనిషిని కాపాడేది మేక కాదు, పనిలోకి దిగేముందు కట్టెతో కప్పును తట్టి, అది గట్టిగా మోగుతుందా బోలుగా పలుకుతుందా అని వినే చెవి, అన్నది వాటిలో ముఖ్యమైనది. అప్పట్లో నేను ఇంకో బాయిలో సర్దారును. రోజూ కార్మికులకంటే ముందు పోయి కప్పు తట్టి చూసే పని నాదే. కాబట్టి గర్వంగానే రాశాను. డ్యూటీ మార్చుకొని నేనే మాట్లాడి ఉండవచ్చు. నా నియమాన్ని నేనే తప్పడం నామోషీ అనిపించి మార్చుకోలేదు.

ఆ వారం మొదటి షిఫ్టు అతనిది. కాగితం అతను పట్టుకెళ్లాడు. నేను పైకి వచ్చేసరికి కాలనీ అంతా ఒకటే మాట: సభంతా లేచి నిలబడిందట. ఆ మరుసటి ఏడు అతను యూనియన్ ఎన్నికల్లో నిలబడ్డాడు. తరువాత పార్టీ, తరువాత టిక్కెట్టు. ఇప్పుడు మంత్రి. కాగితం మాత్రం మరునాడే నా చేతికి తిరిగి ఇచ్చేశాడు. అది ఇప్పటికీ నా దగ్గర ఉంది.

రెండు రోజుల్లో వ్యాసం రాశాను. నియామకాల మీద నాలుగు పేజీల వాదన. చివర ఒక పేరా: "ఈయనకు పేరు తెచ్చిన మాటలు ఈయనవి కావు. అవి నావి. నా చేతిరాతతో ఉన్న కాగితం నా దగ్గర ఉంది." ఆ పేరా రాస్తుంటే పంటి నొప్పి తగ్గినట్టు అనిపించింది. కేబుల్ చానెల్లో పనిచేసే ఒకతనికి ఆ కాగితం సంగతి చూచాయగా చెప్పాను కూడా. ఆదివారం కెమెరాతో వస్తానన్నాడు.

వ్యాసం మా కాలనీ మాసపత్రిక సంపాదకుడికి ఇచ్చాను. ఆయన కంపెనీ బడిలో పాఠాలు చెప్పి రిటైరైన పెద్దమనిషి, ప్రతి ఆదివారం చర్చికి వెళ్తాడు, అయినా మా సభలకు అధ్యక్షత వహించేవాడు. నమ్మేవాడు కుర్చీలో ఉంటే మీరు అదుపులో ఉంటారనేవాడు. వ్యాసం చివరిదాకా చదివి, కాగితం చూపించమన్నాడు. చూపించాను. పదకొండూ చదివాడు.

"ఇందుల లేనిది ఒకటున్నది," అన్నాడు.

ఏమిటన్నాను. ఆ రోజు సభ ఎలా సాగిందో అప్పుడు చెప్పాడు. ఏడో పాయింటు దాకా చప్పట్లు బాగానే పడ్డాయి. ఎవరూ లేవలేదు. అప్పుడు చనిపోయినతని భార్య లేచింది. ఆమె వస్తుందని ఎవరూ అనుకోలేదు. ఆమె అడిగిన మాటను సంపాదకుడు ఇన్నేళ్ల తరువాత కూడా ఆమె గొంతుతోనే చెప్పాడు:

"మైసమ్మ లేదంటివి. సరే. మా ఆయన కట్టెతోని కప్పు తట్టినంకనే లోపలికి పోయిండంట. మరి గట్లెందుకైంది?"

నా కాగితంలో దానికి జవాబు లేదు. అతను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడట. "నాకు తెల్వది అక్కా. తెల్సుకొని చెప్త," అని వేదిక దిగి, ఆమె పక్కన నేలమీద కూర్చున్నాడట. సభ లేచి నిలబడింది అప్పుడు. మిగతా నాలుగు పాయింట్లు ఎవరూ వినలేదు.

"ఇన్నేళ్లు నాకెందుకు చెప్పలేదు సార్?"

"నువ్వెప్పుడన్న అడిగినవా? మరునాడు వచ్చి, నా పాయింట్లు ఎట్ల పేలినయ్ సార్ అన్నవు. పేలినయ్ అన్న."

అప్పటిదాకా నా అసూయకు ఒక సుఖం ఉండేది. నా సొత్తు ఎవడో తిన్నాడన్న సుఖం. అది పోయింది. నేను ఆ వేదిక మీద ఉంటే ఏం చేసేవాణ్ణో నాకు బాగా తెలుసు. కొన్ని పొరల్లో రాయి తట్టినా గట్టిగానే పలుకుతుందని, ఆ సంగతి ఆమె భర్త తెలుసుకొని ఉండవలసిందని, పన్నెండో పాయింటు అక్కడికక్కడే తయారుచేసి ఆ ఆడమనిషికి చెప్పేవాణ్ణి. వాదన గెలిచేవాణ్ణి.

చివరి పేరా కొట్టేశాను. అది లేకపోతే ఈ వ్యాసం ఎవరు చదువుతారని సంపాదకుడే అన్నాడు. నిజమే. అయినా కొట్టేసి, మొదట్లో ఒక వాక్యం చేర్చాను: "ఈ మనిషి అంటే నాకు అసూయ; అది గుర్తుంచుకొని ఈ వ్యాసం చదవండి." మిగతా వాదన అంగుళం కూడా తగ్గించలేదు. ఒకనాడు తెలియదని చెప్పగలిగినవాణ్ణి, ఆ మాట ఎన్నడూ అనకూడని కుర్చీలో కూర్చోబెట్టారు. అక్కడ అతను ఏమవుతాడో చూడవలసిన బాధ్యత మనది. అంతవరకూ అనుమానం న్యాయమే.

ఆదివారం కెమెరా అతను వచ్చాడు. కాగితం చూపించనన్నాను. "ఏందన్నా, మస్తు స్టోరీ ఖరాబు జేస్తివి," అని చాయ్ తాగి వెళ్లిపోయాడు.

వ్యాసం లోపలి పేజీలో వచ్చింది. చదివినవాళ్లు ఇద్దరో ముగ్గురో. మొన్న హోటల్లో, నల్లా గురించి నవ్వించిన ఆ కార్మికుడే అడిగాడు, ఆ శాఖ నాకిస్తే ఏం చేసేవాణ్ణని. జవాబు నా దగ్గర సిద్ధంగా ఉంది. ఇరవై నిమిషాలు చెప్పాను, బాగానే చెప్పాను. మధ్యలో ఇద్దరు లేచి డ్యూటీ బస్సెక్కారు. అడిగినతను పేపరు తిరగేస్తూ ఊకొట్టాడు. ఇంతలో టీవీలో మంత్రి కనిపించాడు. ఎవరో సౌండు పెంచమన్నారు. తిట్టడానికైనా సరే, హోటలంతా చేతిలో పని ఆపి అతను చెప్పేది విన్నది. నేనూ విన్నాను.