తాళం తీసినా ఆగని జీపు

తాళంచెవి మీ చేతిలో ఉండగానే బండి ఇంజన్ నడుస్తూ ఉంటే, మీరు ముందు ఎవరిని అనుమానిస్తారు?

నిన్న జగిత్యాలలో బండ్లు బాగుచేసే షెడ్డులో వేడెక్కిన వైరు వాసన రాగానే ఏళ్ల కిందటి కోరుట్లలోని మా వాకిలి గుర్తొచ్చింది. నాన్న తమ్ముడు, మా కాక, చనిపోయిన నెలకు ఆయన జీపుకు బ్యాటరీని ఛార్జ్ చేసే కొత్త ఆల్టర్నేటర్ వేయించి ఇంటికి తెచ్చారు. కాక భార్య చిన్నమ్మ ఎక్కి కూర్చుంది. నాన్న తాళం తీసి దిగాడు. ఇంజన్ ఆగలేదు. ఖాళీ డ్రైవర్ సీటు వణుకుతూనే ఉంది.

"నా కొడుకు నిన్ను ఇడుస్తలేడు. సిరిసిల్లకు మీ అవ్వగారింటికి పో," అంది నాయినమ్మ చిన్నమ్మతో.

కాకే నడుపుతున్నాడని నమ్మి, నేనూ చిన్నమ్మ చేయి వదిలేశాను.

మెకానిక్ వచ్చి బ్రేకు తొక్కిపట్టి, గేరేసి క్లచ్ వదిలి ఇంజన్ ఆపాడు. ముందు బ్యాటరీ నెగటివ్ వైరు విప్పి, ఆ తర్వాతే లోపల చేయి పెట్టాడు.

"దయ్యం లేదు, ఏం లేదమ్మా. వైరు తప్పు కలిపిండ్రు. తాళం తీసినా ఆల్టర్నేటర్ కరెంటు ఎనుకకు, ఇంజన్ల నిప్పురవ్వ పుట్టిచ్చే ఇగ్నిషన్ కాయిల్‌కు పోతున్నది. పాపం, నీ కొడుకును గా ఇంజన్ల ఎందుకు కూసోవెడ్తవ్?"

అప్పటికే చిన్నమ్మ బస్సెక్కి వెళ్లిపోయింది. వైరు సరిచేయించారు గాని, ఆమెను పిలవడానికి ఎవరూ పోలేదు. పోదామని నేనూ అడగలేదు.

మీ ఇంటి నుంచి ఇలా పంపేసిన మనిషి ఉంటే, ఈ రోజే వెళ్లి తప్పు ఒప్పుకొని తీసుకురండి.