జీడిపండు ప్రశ్నకు నేను చెప్పిన జవాబు

2022 వేసవి. కరోనా తగ్గుముఖం పట్టి, కోచింగ్ సెంటర్లు మళ్ళీ నిండుతున్న రోజులు. నర్సీపట్నం ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గర నాకు పేపర్ల ఏజెన్సీ, దానికి ఆనుకుని పోటీ పరీక్షల పుస్తకాల కొట్టు ఉన్నాయి. నేను బళ్ళో చదివింది అయిదో తరగతి వరకే. మిగతాదంతా తెల్లవారి పేపరు కట్టలు విప్పుతూ నిలబడి చదువుకున్నదే. ఎవరి దగ్గరా నేర్చుకోలేదని గర్వంగా చెప్పుకునేవాణ్ణి. ఆ మాట ఇప్పుడు తగ్గించాను. ఎందుకు తగ్గించానో రాద్దామనే కూర్చున్నాను.

మా వృత్తిలో 'బిట్' అంటే ఒక్క మాటలో జవాబు తేలిపోయే ప్రశ్న. 'కీ' అంటే పుస్తకం చివర ఉండే జవాబుల పట్టిక. బిట్లు పోగుచేసి, చిన్న పుస్తకాలుగా అచ్చువేయించి అమ్మడం నా పని, అందుకే ఊళ్ళో నన్ను మాస్టారంటారు. వాటిలో చాలావరకు టీవీ క్విజ్ ప్రోగ్రాంలోంచి వచ్చినవే. సాయంత్రం ఏడింటికి కొట్లో చిన్న టీవీ పెట్టి, రూళ్ళ పుస్తకం ఒళ్ళో వేసుకుని కూర్చునేవాణ్ణి. ప్రశ్న, నాలుగు ఆప్షన్లు, ఆడిన మనిషిది ఏ ఊరు, ఎక్కడ తడబడ్డాడు, ఏ ఆధారం పట్టుకుని జవాబు దాకా వెళ్ళాడు, అన్నీ రాసేవాణ్ణి. కోడిగుడ్డు పెంకులో ఏముంటుందో తెలియక ఇంటికి వెళ్ళిపోయిన హెడ్మాస్టరు నాకు ఇంకా గుర్తే. ఆయన కట్టుకున్న కళ్ళద్దాల తాడు రంగుతో సహా గుర్తు.

ప్రోగ్రాం వాళ్ళు తప్పు చెబితే ఊరుకునేవాణ్ణి కాదు. కార్డు రాసేవాణ్ణి. నలభై దాకా రాసి ఉంటాను, ఒక్కదానికీ జవాబు లేదు. అన్ని ఇళ్ళలోనూ వింటుండగా తప్పు చెప్పి, దిద్దుకోకుండా నవ్వుతూ ప్రకటనల్లోకి వెళ్ళిపోయే మనుషులంటే నాకు ఒళ్ళు మంట. నాలాంటివాడు అక్కడ ఒక్కడుంటే ఇలా జరిగేది కాదని పక్క కొట్టు టైలరు సూరిబాబుతో రోజూ అనేవాణ్ణి.

నూకరత్నం నా దగ్గర పుస్తకాలు కొనేది. నాతవరం మండలంలో ఒక పల్లె. ఇంట్లో ఉండే డిగ్రీ కట్టి పాసయింది. షేర్ ఆటోలో వారానికి రెండుసార్లు వచ్చి, కొన్నవి కొని, కొననివి కొట్లోనే నిలబడి చదివేసేది. నేను ఏమీ అనేవాణ్ణి కాదు. నేనూ అలాగే చదివినవాణ్ణి కదా. కాకపోతే ఆమెకు ఒక అలవాటుండేది. కీ చూసి ఊరుకునేది కాదు, ఎందుకని అడిగేది.

ఒకరోజు నా పుస్తకమే చేత్తో పట్టుకుని వచ్చింది.

"మాస్టారూ, ఇందులో ఒక బిట్టు తప్పున్నట్టుందండి. జీడిమామిడిలో మనం తినే భాగం ఫలం అనేసేరు."

"తప్పేటుంది? పండు కాదా అది?"

"మాకు తోటుందండి. పిక్క ముందు కడతాది. పిక్క పెద్దదయ్యేక దాని కాడ ఉబ్బి పండులాగ అవుతాది. అంటే మనం తినేది కాడే గదండి?"

కొట్లో నలుగురున్నారు. నాకు ఎక్కడో కాలింది.

"చూడమ్మా," అన్నాను, "పిక్కలేరుకునే తెలివి తోటలో పనికొస్తుంది. పరీక్షలో కాదు. కీ లో ఉన్నదే రైటు."

సూరిబాబు నవ్వాడు. మిగతా ముగ్గురూ నవ్వారు. నూకరత్నం పెన్సిలుతో తాను రాసుకున్న 'కాడ'ను చెరిపేసి వెళ్ళిపోయింది. ఆ బిట్టును నేను ఏళ్ళ కిందట వేరెవరి గైడులోంచో ఎత్తి రాశాను. ఎప్పుడూ సరిచూడలేదు. అయిదుసార్లు అచ్చయింది.

ఆ తర్వాత కొన్ని నెలలకు ఆమెకు ఆ క్విజ్ ప్రోగ్రాంలోనే పిలుపొచ్చింది. మా వైపు నుంచి ఎవరూ వెళ్ళింది లేదు. ఊళ్ళో కోచింగ్ సెంటర్ నడిపే సత్యం గారు ఆమెను పిలిపించి, వచ్చే బ్యాచీలో ఆడపిల్లలకు సాయంత్రం జీకే క్లాసు ఆమెకే ఇస్తానన్నారు. టీవీలో కనబడిన మనిషి పాఠం చెబుతుందంటే సెంటర్ బోర్డుకు బలం. అంతకంటే ఆమెకు బలం. ఇంట్లో అత్తగారు పెట్టిన షరతు ఒకటుంది: వచ్చే తోట పనుల నాటికి చదువు ఏదో ఒక పనిగా మారకపోతే పుస్తకాలు కట్టిపెట్టాలి. ఈ సంగతంతా నూకరత్నమే చెప్పింది. చెప్పి, "ఫోనుకి మీ పేరు ఇచ్చేనండి" అంది.

ఆ ప్రోగ్రాంలో ఫోన్ లైఫ్‌లైన్ అని ఒకటుంటుంది. జవాబు తెలియనప్పుడు, ముందుగా పేరిచ్చిన మనిషికి ఫోను చేసి ముప్పై సెకన్లు మాట్లాడొచ్చు. నా పేరు. ఇన్నేళ్ళు కార్డులు రాసినా పలకని చోట నా గొంతు వినబడబోతోంది. ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను. ఫోనులో చొక్కా ఎవరికి కనబడుతుందో నాకే తెలియాలి.

రికార్డింగు రోజున ఛానల్ నుంచి ఒకమ్మాయి ముందే ఫోను చేసి రెండు మాటలు చెప్పింది. పక్కన ఎవరూ ఉండకూడదు. టెలికాస్ట్ అయ్యేదాకా, అంటే టీవీలో వేసేదాకా, ఏ సంగతీ బయటికి చెప్పకూడదు. ఆడేవాళ్ళ దగ్గర సంతకం కూడా తీసుకుంటామంది. కొట్టు తలుపులు దగ్గరికి వేసుకుని కూర్చున్నాను.

ఫోను మోగింది. నూకరత్నం గొంతు, గబగబా.

"మాస్టారూ, జీడిమామిడిలో మనం పండుగా తినేది నిజానికి ఏ భాగం? ఏ ఫలం, బీ విత్తనం, సీ పూకాడ, డీ రక్షకపత్రం."

నా పుస్తకంలో ఆ పేజీ కళ్ళకు కట్టింది. ఎడమవైపు, కింద నుంచి మూడో వరస. దాంతోపాటే, చెరిపేసిన ఆ పెన్సిలు గీత కూడా కళ్ళకు కట్టింది. ఆ క్షణంలో నాకు అనుమానం కలిగింది. కలగలేదని రాస్తే మళ్ళీ అబద్ధమాడినట్టే. ఆమె చెప్పిందే రైటేమో అనిపించింది. అది ఒప్పుకుంటే నా పుస్తకం తప్పని రాష్ట్రమంతా వింటుంది.

"ఏ," అన్నాను. "ఫలం. లాక్ చేయించు."

"కాడ కాదాండీ..."

"మళ్ళీ కాడేనా? ఏ అంటున్నాను. నూటికి నూరు!"

టైమ్ అయిపోయింది. ఆ దశలో అక్కడితో చాలించుకుంటే గెలిచినదంతా ఇంటికి తెచ్చుకోవచ్చు. తప్పు చెబితే దాదాపు ఖాళీ. ఆమె చాలించుకునేదే. అంత గట్టిగా చెప్పాక ఎలా చాలించుకుంటుంది?

ఫోను పెట్టేసి, అమ్మకానికున్న ఇంటర్ బోటనీ పుస్తకం తీశాను. నా కొట్లోదే, నా చేతికి అందే అరలోదే. జీడిమామిడి గురించి రెండు వాక్యాలున్నాయి. నిజమైన ఫలం పిక్క. ఉబ్బి తియ్యగా అయ్యేది పూకాడ. పుస్తకం మూసేసి కాసేపు దాని అట్ట చూస్తూ కూర్చున్నాను.

ఇక్కడిదాకా జరిగింది తప్పు. మనిషన్నాక తప్పు చెబుతాడు. సిగ్గుపడవలసింది ఆ తర్వాత జరిగినదానికి.

మర్నాడు సూరిబాబు చేతిలో గుడ్డ అలాగే పట్టుకుని వచ్చాడు. "ఏటి మాస్టారూ, మనమ్మాయి ఎంత దాకా ఎల్లింది?"

"చెప్పకూడదు," అన్నాను. అక్కడితో ఆగితే బాగుండేది.

"మీ మొకం సూస్తే పోయినట్టే ఉంది. మిమ్మల్ని అడగలేదేటి మరి?"

"అడిగింది. ఆప్షన్లు సరిగ్గా చదివితే కదా! కంగారు మనిషి."

ఆ మాట ఎలా వచ్చిందో వచ్చింది. రెండోసారి టీ కొట్టు దగ్గర అన్నప్పుడు ఇంకా తేలిగ్గా వచ్చింది. నాలుగోసారికి నాకే నిజమనిపించడం మొదలైంది. ఓడినవాళ్ళ ఆట టీవీలో వేసేటప్పుడు బాగా కత్తిరించేస్తారని ఇన్నేళ్ళుగా చూస్తున్నవాణ్ణి గనక నాకు తెలుసు. నా ఫోను కూడా కత్తిరింపులో పోతుందని ఆశపడ్డాను.

అయిదోసారి అడిగింది సత్యం గారు. కొట్టుకే వచ్చారు.

"ఏమండీ మాస్టారూ, ఆ అమ్మాయి ఎలా ఆడిందంటారు? క్లాసు ఇవ్వొచ్చా? నలభై మంది ముందు నిలబడాలి."

ఆ క్లాసు ఆమెకు ఏమిటో నాకు తెలుసు. తెలిసే అన్నాను. "తెలివి ఉందండీ. నిబ్బరం లేదు. ఒత్తిడికి ఆగదు."

సత్యం గారు తల పంకించి వెళ్ళిపోయారు. ఆ వారమే బోర్డు మీద వేరే ఆవిడ పేరు రాయించారు.

నూకరత్నం మధ్యలో ఒక్కసారి వచ్చింది. ఊరంతా ఏమనుకుంటోందో ఆమె చెవిన పడే ఉంటుంది. సూరిబాబు ఊరుకుంటాడా, "ఆప్షన్లు సదవకుండా నొక్కీసేవంట గదమ్మా!" అని నా ఎదురుగానే అన్నాడు. ఆమె నా వైపు చూసింది. నేను పుస్తకాలు సర్దుతున్నాను.

"నాను ఏటీ సెప్పకూడదండి," అంది సూరిబాబుతో. "సంతకం పెట్టేను."

టెలికాస్ట్ ఆ తర్వాత పది రోజులకు. నా కొట్లో టీవీ ముందు ఆరుగురం ఉన్నాం. నా ఫోను కత్తిరించలేదు. ఒక్క అక్షరం కూడా పోకుండా వేశారు. "మళ్ళీ కాడేనా?" అన్న నా గొంతు కర్కశంగా, గెలిచేసినవాడి గొంతులా వినబడింది. జవాబు తప్పని తేలాక, ప్రోగ్రాం నడిపే ఆయన "మీ మాస్టారి మీద కోపమొచ్చిందా?" అని నవ్వుతూ అడిగాడు.

"లేదండి," అంది నూకరత్నం. నవ్వలేదు. "సీ అని నాకు తెల్సు. తెల్సిన్నాక ఇంకోల్ని అడక్కూడదు."

కొట్లో వాళ్ళు నా వైపు తిరిగారు. ఇప్పుడు నన్ను కడిగేస్తారనుకున్నాను. సూరిబాబు గొంతు సవరించుకుని, "ఫోన్లో ఆప్షన్లు సరిగ్గా ఇనబడినట్టు లేదు మాస్టారూ మీకు," అన్నాడు. ఇంకొకాయన, "ఆ టవరు అంతేనండి, గుర్రుమంటాది" అన్నాడు. ఆమెకు ఒక్కరూ ఇవ్వని సాకును నాకు ఇద్దరు పోటీపడి ఇచ్చారు. ఏమన్నానో రాయడానికి చెయ్యి రావడం లేదు. "అవును, సిగ్నలు బాగోలేదు" అన్నాను.

మర్నాడు కొట్టు తెరవలేదు. షేర్ ఆటో ఎక్కి వాళ్ళ పల్లెకు వెళ్ళాను. వాకిట్లో జీడిపిక్కలు ఎండబోసి ఉన్నాయి. అత్తగారు వాటిని చేత్తో తిరగేస్తోంది. నన్ను చూసి లేవలేదు.

"ఏటి మాస్టారూ, టీవీలో మీ గొంతు ఇన్నాం. బాగా అరిసారు."

నూకరత్నం లోపలినుంచి వచ్చి కుర్చీ వేసింది. నేను కూర్చోలేదు. తప్పు జవాబు చెప్పానన్నాను. అనుమానం వచ్చీ చెప్పానన్నాను. ఆ తర్వాత ఊళ్ళో ఏమేం చెప్పానో, సత్యం గారితో ఏమన్నానో వరసగా చెప్పాను.

"జవాబు తప్పినందుకు నాకు కోపం లేదండి," అంది అంతా అయ్యాక. "అడిగింది నానే. కానండి, నాను నోరిప్పకూడదని మీకు తెల్సు గదా. ఆ మూడు వారాలూ నన్ను కట్టేసినట్టుండిపోయేను. మీరు అప్పుడు మాటాడేరు."

"అందుకే వచ్చానమ్మా. క్షమించు."

"నాకు సెప్పడమేటండి? నాకు ముందే తెల్సు. ఎవలెవలికి సెప్పేరో ఆలకి సెప్పండి."

అత్తగారు పిక్కలు తిరగేస్తూనే, "బేగి సెప్పండి బాబూ. దీని పుస్తకాలు పెట్లో పెట్టీమన్నాను" అంది.

ఆ మధ్యాహ్నమే మొదలుపెట్టాను. సూరిబాబుకు చెప్పాను, టీ కొట్టులో చెప్పాను. సిగ్నలు బాగానే ఉంది, ఆమె ఆప్షన్లు బాగానే చదివింది, కంగారు అన్నది నేను కల్పించినది అని. "పోన్లెండి మాస్టారూ, ఆ అమ్మాయిని ఎనకేసుకొస్తన్నారు గాని" అన్నాడు సూరిబాబు. మళ్ళీ చెప్పాను. "మీ మనసు అలాంటిది" అన్నాడు. జీవితంలో ఎవరి పొగడ్తా నన్ను అంతగా బాధపెట్టలేదు.

సత్యం గారి దగ్గరకు వెళ్ళి, క్లాసులో నలభై మంది ముందు చెబుతానన్నాను. ఆయనకు ఇష్టం లేదు గాని పెద్దవాణ్ణని కాదనలేకపోయారు. నిలబడి చెప్పాను. నా పుస్తకం అయిదు ముద్రణల్లోనూ ఆ బిట్టు తప్పేనని చెప్పాను. ఫోన్లో ఏం జరిగిందో, తర్వాత ఏం ప్రచారం చేశానో చెప్పాను. కొందరు తలలు దించుకున్నారు, నా తరఫున సిగ్గుపడి కాబోలు. వెనక బెంచీలో ఒక పిల్ల లేచింది.

"మరైతే ఆ అక్కే మాకు క్లాసు సెప్పాలి కదండీ?"

నేను సత్యం గారి వైపు చూశాను. ఆయన గోడ గడియారం వైపు చూశారు. "బ్యాచీ మొదలైపోయిందమ్మా," అన్నారు. "కూర్చో."

ఈ వృత్తిలో నలభై ఏళ్ళు జవాబులు అమ్ముకున్నాను. తెలియదనడం నేర్చుకోవాలన్నది ఎవరైనా చెప్పే పాఠమే, నేనూ ఆలస్యంగా నేర్చుకున్నాను. నన్ను కుదిపింది అది కాదు. పుస్తకంలో తప్పు పడితే మర్నాడు చీటీ అంటించి దిద్దొచ్చు. మనిషి మీద వేసిన తప్పును వెనక్కి తీసుకుందామని వెళితే, అది అప్పటికే నా చేతిలో లేదు. ఆమె పేరుండాల్సిన బోర్డు మీద వేరే పేరు ఎండకు వెలిసిపోతోంది. నూకరత్నం ఇప్పుడు పుస్తకాలకు తుని వెళుతోందని విన్నాను. ఇంకా చదువుతోందన్నమాట. నా కొట్టుకు మాత్రం రాలేదు. రావాలని కోరుకునే హక్కు కూడా నాకు లేదు.