ఆశ చూపని పాట

దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో నా గదిలో ఉండే సీనియర్‌ది నల్గొండ వైపు పల్లె, మాది గుంటూరు. ఆయన్ని అన్నా అనేవాణ్ని. కోచింగ్ నుంచి రాగానే ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వెల్లకిలా పడుకోవడం ఆయన అలవాటు. ఒకసారి నాకూ వినిపించాడు. మెటల్ పాటట. ఒకే గిటారు ముక్క రంపంలా కోస్తూనే ఉంది, వెనక ఎవడో గొంతు చించుకుని అరుస్తున్నాడు. నాకు ఒళ్లు జలదరించింది.

“ఇదెలా వింటావన్నా?”

“గీ పాటల్ల ఎవడూ అంతా మంచిగైతదని చెప్పడు తమ్మీ. గందుకే నమ్మబుద్ధైతది.”

తెలంగాణ ఉద్యమం రోజులవి. ఒక బంద్ నాటి మధ్యాహ్నం ఆయన ఎల్బీ నగర్ ఊరేగింపు నుంచి పరుగెత్తుకొచ్చాడు. బాష్పవాయువుకు కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. కాసేపటికే పోలీసులు హాస్టల్లోకి వచ్చి, ఒక్కో తలుపూ లాఠీతో బాదుతూ, దొరికినవాళ్లను మెట్ల మీంచి ఈడ్చుకుపోసాగారు. అన్న మంచమెక్కి దుప్పటి కప్పుకున్నాడు. ఇయర్‌ఫోన్లు నేనే ఆయన చెవుల్లో పెట్టి, పాట పెట్టి, తలుపు తీశాను.

కానిస్టేబుల్ దుప్పటి లాగాడు. “వీని కండ్లెందుకు గింత ఎర్రగున్నయ్?”

“మా అన్నయ్యండీ. నిన్నట్నించీ జ్వరం. మాది గుంటూరండీ.” నా యాస నాకే పరాయిగా వినిపించింది.

కానిస్టేబుల్ ఒక ఇయర్‌ఫోన్ పీకి తన చెవిలో పెట్టుకున్నాడు. ఆ అరుపు వింటూ అక్కడే నిలబడిపోయాడు. చివరికి అన్న ఎర్రటి కళ్లకేసి మరోసారి చూసి, దాన్ని మెల్లగా మంచం మీద పెట్టి, పక్క గదికి వెళ్లాడు.

రాళ్లేశావా అని నేను అడగలేదు. అన్న చాలాసేపు దుప్పటి అంచు వదల్లేదు.

“గా పోలీసాయనది మా దిక్కు మాటే తమ్మీ,” అన్నాడు.